చెయ్యి అందని చోట దురద

వీపు మీద ఎడమవైపు, వెన్నెముకకీ రెక్క ఎముకకీ మధ్య ఒక చోటు ఉంటుంది. భుజం మీదుగా చెయ్యి వేసినా, నడుము వెనక నుంచి మెలితిప్పి పైకి పంపినా వేళ్ళు అక్కడికి అందవు. కొద్దిగా ఇవతలే ఆగిపోతాయి. నా జబ్బు సరిగ్గా అక్కడికే వచ్చింది.

ఇప్పుడు చాలావరకు నయం. పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నాలాగే ఎవరికీ చెప్పకుండా గోడలకీ తలుపులకీ వీపు రాసుకుంటూ తిరిగేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కోసం రాస్తున్నాను. కొంత నా మనసు కుదుటపడటం కోసం కూడా. అయితే నా వీపు గురించి రాయాలంటే మా అమ్మ గురించి రాయక తప్పదు. జబ్బు నాది. శిక్ష ఆవిడ వేసుకుంది.

మాది ప్రత్తిపాడు దగ్గర ఊరు. నాన్న మిరప, పత్తి వేస్తాడు. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను.

పోయినేడు వానాకాలంలో మొదలైంది. పొలంలో మిరప నారు నాటుతున్న రోజులు. బోర్డు మీద లెక్క రాస్తుంటే జాకెట్టులో చీమ దూరినట్టు అనిపించింది. ఇంటికొచ్చి జాకెట్టు విప్పి దులిపాను. చీమ లేదు. మర్నాడు మళ్ళీ అదే చోట, అదే చీమ. దోమ కుడితే గోకగానే హాయిగా ఉంటుంది. ఇది అలా కాదు. ఎంత గోకినా బొంత మీద నుంచి గోకినట్టే ఉండేది, అసలు దురద ఎక్కడో లోపల ఉండిపోయేది. కొన్నాళ్ళకి దురదతో పాటు మంట వచ్చింది. ఒక్కోసారి ముల్లు దిగినట్టు చురుక్కుమనేది. చీర పమిట తగిలినా ఒళ్ళు జలదరించేది.

బడిలో పిల్లలు రాసుకుంటున్నప్పుడు నేను వెళ్ళి తలుపు చెక్కకి వీపు ఆనించేదాన్ని. ఒకరోజు ముందు బెంచీ పిల్ల లేచి, చాలా బాధ్యతగా చెప్పింది.

"టీచర్, మా గేదె కూడా గుంజకి ఇట్టాగే రాసుకుంటది. దానికి గోమార్లు పట్టినయ్యి. మా నాయన పసుపు రాశాడు, తగ్గింది."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత క్లాసులో తలుపు దగ్గరికి వెళ్ళలేదు. స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు బీరువా అంచుకి రాసుకునేదాన్ని.

ఇంట్లో కూడా చెప్పలేదు. బస్సు నేను దిగాల్సిన చోటు దాటిపోతున్నా "ఆపండి" అని కేక వేయలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే రకాన్ని నేను. చిన్నప్పటి నుంచీ డైరీ రాస్తాను. ఆ నెలల డైరీ తీసి చూస్తే చదివిన పుస్తకాలున్నాయి, వానలున్నాయి, పత్తికి పట్టిన పురుగు గురించి నాన్న పడ్డ బెంగ ఉంది. వీపు ఊసే లేదు. కాయితానికి చెప్పడానికి కూడా సిగ్గేసింది.

ఫిబ్రవరిలో మిరప కోతలు ముమ్మరంగా ఉన్నాయి. ఆ రోజుల్లో మా అమ్మని చూడాలి. పగలంతా కళ్ళంలో ఆడవాళ్ళతో కూర్చుని ఎండుకాయల తొడిమలు తీసేది. ఆవిడ గొంతు రోడ్డు దాకా వినిపించేది. ఎవరి మొగుడు ఏమన్నాడో, ఎవరి కోడలు ఎలా నడుస్తుందో అన్నీ నటించి చూపించేది. పండుమిరప పచ్చడి పెట్టాలంటే మా వీధిలో సగం ఇళ్ళవాళ్ళు అమ్మనే పిలిచేవాళ్ళు. "నీ చెయ్యి పడితే ఏడాది ఉంటదక్కా" అనేవాళ్ళు. అమ్మ గరిటె వాడదు. చేత్తోనే కలుపుతుంది.

ఒక సాయంత్రం ఆవిడ పచ్చడి పని ముగించి, చేతులు మజ్జిగతో కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని వసారాలో కూర్చుంది. నేను మెట్టు మీద పుస్తకం చదువుకుంటున్నాను. దురద వచ్చింది. ఆ రోజు ఎంతకీ ఓర్చుకోలేకపోయాను.

"అమ్మా, కాస్త ఇక్కడ గోకవా."

అమ్మ మొహం వెలిగింది. నేను ఏదైనా అడగడం అంత అరుదు. "ఏందే, పొద్దు పడమట పొడిచిందా ఇవాళ?" అంటూ జరిగి, వెనక మెడ దగ్గర నుంచి జాకెట్టులోకి చెయ్యి పెట్టింది.

అక్కడి చర్మం నేను రాసి రాసి అప్పటికే తోలు లేచిపోయి ఉంది. అమ్మ వేళ్ళు తగలగానే నిప్పు పెట్టినట్టయింది.

"అమ్మా! మంట! కారం!"

వీధికి వినిపించేలా అరిచాను. పుస్తకం ఎక్కడో పడింది. అమ్మ చెయ్యి వెనక్కి లాగేసుకుంది.

"అయ్యో, అయ్యో... కడుక్కున్నానే! ఇదిగో చూడు, నూనె కూడా రాసుకున్నా!"

ఆ మంట అన్నాలవేళకి తగ్గిపోయింది. అసలు దురద మాత్రం ఎప్పట్లాగే ఉంది. కథ అక్కడితో అయిపోయేదే. కానీ మర్నాడు పొద్దున అమ్మ నన్ను వెలుతురులో నిలబెట్టి వీపు చూసింది. అక్కడ ముదురు గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది, అరచేతంత. నెలల తరబడి రాసుకోవడం వల్ల నల్లబడిన చర్మం అది. అమ్మకి అలా కనపడలేదు.

"నా చెయ్యి అచ్చు పడ్డట్టుందే" అంది మెల్లగా.

మా వైపు మిరప పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలిసిన బాధ ఇది. కాయ ఘాటు చేతుల్లోకి దిగి ఎంత కడిగినా వదలదు. చేతిమంట అంటారు. పసిపిల్లల్ని ఎత్తుకునేముందు చేతులు వాసన చూసుకుంటారు. తన చేతిమంట నా ఒంట్లోకి దిగిపోయిందని అమ్మ నమ్మింది.

"అది ఎప్పటి నుంచో ఉందమ్మా. వానల్లోనే మొదలైంది."

"మరి అప్పుడు చెప్పలేదేం?"

నేను జాకెట్టు హుక్కులు పెట్టుకుంటూ ఉండిపోయాను.

"లేదు కాబట్టి చెప్పలేదు. ఇప్పుడు నన్ను ఊరుకోబెట్టడానికి కల్పిస్తన్నావు. నీ సంగతి నాకు తెలీదా?"

నిజమే చెబుతున్నాను. అయినా నా నిజం ఓదార్పులా వినపడింది. ఆర్నెల్లు నోరు విప్పని మనిషి మాట ఎవరు నమ్ముతారు?

తర్వాతి మూడు నెలలు మా ఇంట్లో చాలా మర్యాదగా గడిచాయి. అంతకంటే పెద్ద కష్టం నేను చూడలేదు. అమ్మ కళ్ళానికి వెళ్ళడం మానేసింది. నా తల దువ్వడం మానేసింది. దువ్వెన మంచం మీద పెట్టి పక్కకి తప్పుకునేది. కంచంలో అన్నం వడ్డించేటప్పుడు కూడా చెయ్యి నాకు తగలకుండా దూరం నుంచి గరిటె చాపేది. పచ్చడికి ఎవరైనా పిలిస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పేది.

కళ్ళం నుంచి ఆడవాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడి అడిగేవాళ్ళు.

"ఏందక్కా, నువ్వు లేకపోతే కాయలు కూడా ఏడుస్తన్నయ్యి. రేపైనా వస్తావా?"

"చూద్దాంలే" అనేది అమ్మ. వెళ్ళేది కాదు.

నేను లోపలి గదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని ఆ మాటలు వినేదాన్ని. ఒక్క వాక్యం కూడా తలకెక్కేది కాదు.

గుంటూరులో చర్మం డాక్టరుకి చూపించాం. ఆయన నా వీపు వైపు ఒక్కసారి చూసి, గజ్జి కావచ్చన్నాడు. ఇంటిల్లిపాదీ మెడ నుంచి పాదాల దాకా మందు పూసుకోవాలి, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో ఉడకబెట్టాలి. నాన్న జీవితంలో మొహానికి పౌడరు రాసుకుని ఎరగడు. ఆయన ఒళ్ళంతా తెల్లటి మందు పూసుకుని, లుంగీ కట్టుకుని వరండాలో ఆరుతూ కూర్చున్నాడు. అటుగా పోతున్న ఒకాయన "ఏంరా, సున్నం వేయించుకున్నావా?" అని అడిగితే, "ఆ, నీక్కూడా కావాలా?" అన్నాడు నాన్న. నేను తలుపు వెనక నవ్వుకున్నాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. దురద మాత్రం తగ్గలేదు. ఇంకో డాక్టరు బిళ్ళలిచ్చాడు. వాటికి పాఠం చెబుతూనే నిద్రొచ్చేది.

ఒకరోజు అన్నం దగ్గర నాన్నకి విసుగొచ్చింది. "దానికి వీపు దురద. నీకు మనసు దురద. ఇద్దర్నీ ఎవుడికి చూపించి చావాలి నేను?" అన్నాడు. అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. నాన్న కూడా తినలేదు. నా ఒంట్లో అరచేతంత చోటు ముగ్గురి అన్నం తినేసింది.

ఆ రోజుల్లో కాస్త ఊపిరాడింది పక్కింటి ఖాసింబీ అత్త వల్ల. ఆవిడ కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నేను అడగకుండానే ఒక పాత మెత్తటి పంచె చింపి నాకు రెండు జాకెట్లు కుట్టిచ్చింది. కుట్లన్నీ బయటివైపుకి ఉన్నాయి.

"లోపల ఏదీ గుచ్చుకోదు, వేసుకో. ఎవురన్నా నవ్వితే, మా అత్తకి కళ్ళు కనపడవు, తిరగేసి కుట్టింది అని చెప్పు."

జూన్‌లో ఎవరో చెబితే గుంటూరులోనే నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం, అమ్మా నేనూ. వెయిటింగ్ హాల్లో ఇనుప కుర్చీలు వరసగా ఉన్నాయి. జాకెట్టు ఎంత మెత్తగా ఉన్నా కుర్చీ అంచు నాకు కావాలనిపించింది. ఎవరూ చూడటం లేదనుకుని మెల్లగా వీపు రాసుకుంటున్నాను. పక్కన అరికాళ్ళ మంటలతో వచ్చిన పెద్దావిడ విసనకర్రతో విసురుకుంటోంది. ఆవిడ నా వైపు తిరగలేదు, ఏమీ అడగలేదు. విసనకర్ర తిరగేసి, కాడ నా చేతికిచ్చింది.

"ఇంద. సిగ్గెందుకు, ఇక్కడ అందరం పాడైపోయినవాళ్ళమే."

కాడతో చెయ్యి అందని చోట గోక్కున్నాను. అమ్మ అది చూసింది. మొహం తిప్పుకుని గోడ మీది బొమ్మ చూస్తూ కూర్చుంది. ఊరూ పేరూ తెలియనావిడ చేసినపాటి సాయం కన్నకూతురికి చేయలేకపోతున్నానని ఆవిడ అనుకుంటోందని నాకు తెలుసు. ఆవిడకి ఆ గతి పట్టించింది నేనేనని కూడా తెలుసు.

డాక్టరమ్మ కంగారు పడలేదు. కళ్ళు మూసుకోమని, దూదితో ఒకసారి, సూదిమొనతో ఒకసారి వీపు మీద అక్కడక్కడా తాకించి ఎలా ఉందని అడిగింది. ఆ మచ్చ దగ్గర దూది తగిలినట్టే తెలియలేదు. ఇన్నాళ్ళూ అంత గోల చేసిన చోట స్పర్శే సరిగా లేదు.

"దురద చర్మంలో లేదమ్మా. వెన్నులోంచి వీపు మీదికి వచ్చే నరం ఒకటి దార్లో నలుగుతోంది. అది తప్పుడు కబుర్లు పంపుతోంది. నువ్వు గోకేది కబురు చేరిన చోటు."

అప్పుడు నేను నా జీవితంలో ఎన్నడూ చేయని పని చేశాను. ఎవరూ అడగకుండా, పరాయి మనిషిని ప్రశ్న అడిగాను.

"డాక్టర్ గారూ, ఇది మా అమ్మ చేతి కారం తగలడం వల్ల వచ్చిందా?"

ఆవిడ నవ్వబోయింది. అమ్మ మొహం చూసి ఆగిపోయింది. కుర్చీ అమ్మ వైపు తిప్పుకుంది.

"కాదండి. చర్మానికి తగిలిన కారం పూటలో పోతుంది, మహా అయితే ఒకరోజు. నరం నలగడానికీ మీ చేతులకీ సంబంధం లేదు."

అమ్మ తల ఊపింది. ఊపిన తీరులోనే నమ్మలేదని నాకు తెలిసిపోయింది.

డాక్టరమ్మ భుజాలకి కొన్ని వ్యాయామాలు చూపించింది. ఒక బిళ్ళ, ఒక పూతమందు రాసింది. తోలు లేచినచోటు మానిన తర్వాతే పూత మొదలుపెట్టాలని చెప్పింది. ఆ తర్వాత అమ్మ వైపు చూసి కాస్త మొహమాటంగా అంది.

"ఈ పూత మిరపకాయ ఘాటుతోనే చేస్తారండి. మొదట్లో మండుతుంది. మానకుండా రాస్తే ఆ నరం అలిసిపోయి కబుర్లు పంపడం తగ్గిస్తుంది. తనకి చెయ్యి అందదు కదా, మీరే రాయాలి."

"మిరపకాయా? దాని వీపుకా?"

"అవునండి."

"నేను రాయను" అంది అమ్మ. డాక్టర్ల ముందు గొంతే పెగలని మనిషి, అంత గట్టిగా అంది.

ఇంటికొచ్చే బస్సులో కిటికీలోంచి చూస్తూ అంది. "డాక్టరమ్మ మంచిది. నా మొహం చూసి జాలిపడి అట్టా చెప్పింది."

ఆ మాటకి నాకు బస్సులో దుఃఖం ఆగలేదు. దురద తగ్గకపోయినా బతకొచ్చు, ఎంతోమంది బతుకుతున్నారు. అమ్మ మాత్రం ఇక నన్ను ఎన్నటికీ ముట్టుకోదేమోనన్న భయం ఆ రోజు మొదటిసారి పట్టుకుంది.

జూలైలో పుండు మానింది, పూత మొదలుపెట్టాం. ముందు నేనే అట్లకాడకి దూది చుట్టి ప్రయత్నించాను. గురి తప్పి మెడ వెనక పూసుకుని, ఆ మంటకి ఒక పూటంతా తల వంచుకుని కూర్చున్నాను. తర్వాత నాన్న పూనుకున్నాడు. ఎదిగిన కూతురి వీపు చూడటానికి మొహమాటపడి, గోడ వైపు తిరిగి చెయ్యి మాత్రం వెనక్కి చాపేవాడు.

"ఇక్కడేనా తల్లీ?"

"కాదు నాన్నా, అది భుజం."

"ఇదా?"

"అది కుర్చీ నాన్నా."

చివరికి ఖాసింబీ అత్త చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని రోజూ వచ్చి రాసింది. భగ్గుమని మండేది. పళ్ళు బిగబట్టేదాన్ని. అమ్మ ఆ వేళకి పెరట్లోకి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకి తేడా తెలిసింది. చీమ రోజూ రావడం మానేసింది. ఒక పుస్తకం మధ్యలో ఆపకుండా పూర్తి చేశాను. అంతలో ఖాసింబీ అత్త కూతురికి, వేటపాలెంలో జీడిపప్పు బట్టీలో పనిచేసే పిల్లకి, నెలలు నిండాయి. అత్త పురుడు పొయ్యడానికి వెళ్ళింది. పూత ఆగిపోయింది. వారం తిరక్కుండానే అంతా మళ్ళీ మొదటికొచ్చింది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న నారు నాటించడానికి పొలం వెళ్ళాడు. వాన వచ్చేలా ఉంది. అమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను మందు ట్యూబు, ప్లాస్టిక్ కవరు తెచ్చి, ఆవిడ ముందు వీపు పెట్టి కూర్చున్నాను.

"అమ్మా, రాయి."

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది.

"సాయంత్రం మీ నాన్న వస్తాడుగా."

"నాన్న కుర్చీకి రాస్తాడు."

ఆవిడకి నవ్వు వచ్చి ఆగిపోవడం వెనక నుంచే తెలిసింది.

"మళ్ళీ అరుస్తావే."

"అరుస్తాను. అది మందు మంట. నీది కాదు."

చిక్కుడుకాయల చేట పక్కకి జరిపిన చప్పుడైంది. తర్వాత కవరు చప్పుడు వినిపించింది. నా అరుపు ఆవిడ మళ్ళీ వినకూడదని నేను తువ్వాలు కొస నోట్లో కుక్కుకున్నాను. అమ్మ వేలు వీపుకి తగిలింది, అంతలోనే ఆగింది.

"ఏందే ఆ నోట్లో?"

తువ్వాలు లాగి పారేసింది. నన్ను భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. ఆరునెలల తర్వాత ఆవిడ నన్ను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. ప్రేమగా కాదు, కోపంగా.

"మండితే మండుతుందని ఏడువు! నువ్వు నోరు మూసుకుని కూర్చుంటేనే నాకు గుండె జారిపోతది. పోయినేడు వానాకాలం అంతా ఇట్టాగే నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చున్నావుగా? నాతో ఒక్క మాట చెప్పడానికి నీకేం రోగం? ఆనాడే చెప్పి ఉంటే నేనిన్నాళ్ళు ఇట్టా కుళ్ళి చచ్చేదాన్నా?"

అంటే, వానాకాలం నుంచే ఉందని అమ్మ నమ్మింది. ఎప్పుడు నమ్మిందో తెలియదు. బహుశా అత్త రాస్తుంటే తగ్గడం పెరటి గుమ్మంలోంచి చూసినప్పుడో, ఆపితే పెరగడం చూసినప్పుడో. తన మీద తనకున్న కోపం మొత్తం నా మీదికి తిరిగింది. ఆ కోపం నాకే చెందాలి. ఇన్నాళ్ళూ ఆవిడ మోసిన నా తప్పు నా చేతికి తిరిగొచ్చింది. దాని బరువు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కోరుకోను కూడా. మీ ఇంట్లో ఎవరైనా మీ నొప్పికి తామే కారణమని కుమిలిపోతుంటే, దయచేసి మొదటిరోజే నోరు విప్పండి. ఆలస్యంగా చెప్పిన నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.

"తిరుగు" అంది అమ్మ.

తిరిగాను. చల్లగా మందు తగిలింది, ఆ వెంటనే నిప్పు.

"అమ్మా! మంట!"

గోడ అవతల నుంచి ఎవరో కంగారుగా కేకేశారు. "ఏమైందక్కా?"

"ఏం కాలా. పిల్లకి మందు రాస్తన్నా. అదంతే, అరుస్తది."

అమ్మ చెయ్యి తీయలేదు.

"ఇక్కడేనా?"

"కాదు, ఇంకొంచెం పైకి."

"ఇక్కడా?"

"ఎడమకి. ఇంకా... ఆ, అక్కడే."

వాన మొదలైంది. అమ్మ రాస్తూనే ఉంది.